సోషల్ మీడియా మర్యాద: కార్ఖానా, కంటోన్మెంట్ నేపథ్యం

సోషల్ మీడియా మర్యాద అంటే వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబ్, లింక్డ్‌ఇన్ వంటి చోట్ల మాట్లాడేటప్పుడు, ఫొటోలూ వీడియోలూ పెట్టేటప్పుడు, వచ్చినదాన్ని ఇంకొకరికి పంపేటప్పుడు పాటించాల్సిన నడవడి. ఇరుగుపొరుగుతో, బంధువులతో, ముక్కూమొహం తెలియని వాళ్లతో మెలగడం ఇందులో ఒక పాయ. ఉద్యోగానికి, వృత్తికి మచ్చ రాకుండా చూసుకోవడం రెండో పాయ. రెండింటికీ మూలం ఒకటే. పోస్టు ఎవరి గురించో ఆ మనిషి చాలాసార్లు అక్కడ ఉండడు. ఎదురుగా ఉంటే అనలేని మాటను అతను లేనిచోట వందమంది మధ్య అనేయడం తేలిక. మిగతా నియమాలన్నీ ఈ తేలికతనాన్ని అదుపు చేయడానికి పుట్టినవే.

సికింద్రాబాద్ కంటోన్మెంటులోని కార్ఖానా ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. మూడో నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికింద్రాబాద్‌కు సైనిక నివాసమే పునాది. జూబ్లీ బస్‌స్టేషన్ దాటి తిరుమలగిరి వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద కార్ఖానా ఉంది. చుట్టూ విక్రంపురి, వాసవినగర్, కాకాగూడ వంటి కాలనీలు. సైన్యంలో ఉన్నవాళ్లు, రిటైరైన అధికారులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వ్యాపారులు, ఆస్పత్రుల సిబ్బంది ఒకే వీధిలో కాపురముంటారు. తెలుగు, ఉర్దూ, హిందీ, తమిళం పక్కపక్కనే వినిపిస్తాయి. నోరు విప్పాలంటే పై అధికారి అనుమతి కావాల్సిన వాళ్లూ, ఏ కట్టడీ లేనివాళ్లూ ఒకే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉంటారు. అందుకే మర్యాద ప్రశ్న ఇక్కడ మిగతా చోట్లకంటే పదునుగా కనిపిస్తుంది.

కొలువు గుట్టు, ఇంటి స్టేటస్

2020 జూలైలో భారత సైన్యం తన అధికారులకూ జవాన్లకూ ఒక ఆదేశం ఇచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లను జూలై 15లోగా ఫోన్లలోంచి తీసేయాలన్నది దాని సారాంశం. విదేశాల్లో ఉన్న తనవాళ్లతో మాట్లాడుకోవడానికి ఫేస్‌బుక్ అవసరమంటూ ఒక లెఫ్టినెంట్ కల్నల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆగస్టులో కోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది.

ఆ ఆదేశం వెనక ఉన్న భయానికి తెలుగునేల మీదే ఆధారాలున్నాయి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలు, నౌకాదళ నిఘావర్గాలు కలిసి చేసిన దర్యాప్తులో ఏడుగురు నౌకాదళ సిబ్బంది అరెస్టయ్యారు. విశాఖపట్నం కొండ పేరు మీదే దానికి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' అని పేరుపెట్టారు. గూఢచారులు ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేరుతో పరిచయమై, తర్వాత బెదిరించి సమాచారం లాగారన్నది ఆరోపణ. పత్రికలు దీన్నే వలపు వల అని రాశాయి. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. 2022 జూన్‌లో హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని రక్షణ పరిశోధన సముదాయంలో పనిచేసే ఒక కాంట్రాక్టు ఉద్యోగిని రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. తాను రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో పనిచేస్తున్నానని అతను ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడనీ, ఆ తర్వాతే ఒక మహిళ పేరుతో పరిచయం మొదలైందనీ పోలీసుల కథనం.

గూఢచర్యం పెద్ద మాట. కంటోన్మెంట్ కుటుంబాల్లో రోజూ ఎదురయ్యేది దానికంటే చాలా చిన్నది. భర్తకు పోస్టింగ్ వచ్చిందన్న సంతోషంలో భార్య రైల్వే ప్లాట్‌ఫామ్ మీది ఫొటోను స్టేటస్‌గా పెడుతుంది. వెనక బోర్డు మీద స్టేషన్ పేరు, పక్కన యూనిట్ పెట్టెల మీది నంబర్లు కనిపిస్తాయి. కొడుకు సెలవు మీద ఎప్పుడొస్తాడో, ఎప్పుడు వెళ్తాడో తల్లి బంధువుల గ్రూపులో రాస్తుంది. ఆమె చేసింది తప్పు కాదు, మురిపెం. అందుకే ఈ జాగ్రత్తను ఆదేశంలా చెప్తే మనసుకు తగులుతుంది, ఇంటివాళ్లు ముందుగా కూర్చుని మాట్లాడుకుంటే అలవాటైపోతుంది. వెళ్లొచ్చాక ఫొటో పెట్టడం, బోర్డులూ నంబర్లూ కత్తిరించడం, ఊరి పేరు రాయకపోవడం చాలావరకు సరిపోతాయి. పొరుగింటి పౌరులకూ ఇందులో బాధ్యత ఉంది. ట్రాఫిక్‌లో ఎదురైన సైనిక వాహనాల వరుసను వీడియో తీసి పెట్టేవాళ్లు ఎక్కువగా యూనిఫాం లేనివాళ్లే.

2022 జూన్ 17

కార్ఖానాకు కొద్ది కిలోమీటర్ల దూరంలో, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో ఆ రోజు జరిగిన హింసను చెప్పకుండా సికింద్రాబాద్‌లో సోషల్ మీడియా గురించి రాయడం కుదరదు. సైనిక నియామకాల తీరును మార్చే అగ్నిపథ్ పథకాన్ని కేంద్రం జూన్ 14న ప్రకటించింది. అప్పటికే దేహదారుఢ్య, వైద్య పరీక్షలు నెగ్గి, రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న తెలంగాణ కుర్రాళ్లు రగిలిపోయారు. 17వ తేదీ ఉదయం వందలాదిగా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లోకి చొచ్చుకొచ్చారు. బోగీలు తగలబడ్డాయి. రైల్వే పోలీసుల కాల్పుల్లో వరంగల్ జిల్లా యువకుడొకడు చనిపోయాడు.

అందరూ కలవాల్సిన చోటు, సమయం వాట్సాప్ గ్రూపుల్లోనే చక్కర్లు కొట్టాయని దర్యాప్తులో తేలిందని పోలీసులు చెప్పారు. గ్రూపుల అడ్మిన్లు అరెస్టయ్యారు. ఆవేశంలో పెట్టిన వాయిస్ మెసేజ్‌లూ, తామే తీసుకున్న సెల్ఫీలూ, వీడియోలూ ఆధారాలుగా మారాయి. రెండు రోజులకే, జూన్ 19న, సైన్యం మరో మాట చెప్పింది: అగ్నివీర్‌గా, అంటే ఆ పథకం కింద సైనికుడిగా, చేరాలనుకునేవారు ఆందోళనల్లోగానీ విధ్వంసంలోగానీ పాల్గొనలేదని హామీపత్రం ఇవ్వాలి, పోలీసు పరిశీలన తప్పనిసరి, కేసు ఉంటే ప్రవేశం లేదు.

వాళ్ల బాధ నిజమైనది. దాన్ని చెప్పుకునే హక్కూ వాళ్లకుంది. తెల్లవారుజామున లేచి పరుగెత్తి సంపాదించుకున్న అవకాశం చేజారుతుంటే కడుపు మండడం సహజం. కానీ గ్రూపులో కూడిన కోపానికి ఒక గుణం ఉంది. పది మంది చెప్పే మాట పదకొండోవాడు ఇంకొంచెం గట్టిగా చెబితేగాని తనను లెక్కచేయరనుకుంటాడు. 'వద్దు' అన్నవాడు పిరికివాడవుతాడు. ఆ గ్రూపుల్లో ఒక్క పెద్దమనిషి, ఒక్క కోచ్, ఒక్క సీనియర్ 'ఆగండి' అని రాసి ఉంటే ఎంతమంది జీవితాలు మరోలా ఉండేవో అనిపించక మానదు. పిల్లలకు శిక్షణ ఇచ్చేవాళ్లు వాళ్లను గ్రూపుల్లో చేర్చడంతో పని అయిపోయిందనుకోకూడదు. ఆ గ్రూపులో ఏం నడుస్తోందో చూడడం కూడా వృత్తిధర్మమే.

కాలనీ గ్రూపులు

ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంఘం నడిచేది చాలావరకు ఫోన్‌లోనే. నీళ్ల ట్యాంకరు, లిఫ్టు రిపేరు, వాచ్‌మన్ సెలవు, వినాయక చవితి చందా అన్నీ గ్రూపులోనే. గొడవలు పుట్టేదీ అక్కడే. మెయింటెనెన్స్ కట్టనివారి ఫ్లాట్ నంబర్లతో కార్యదర్శి జాబితా పెడతాడు. ఆ ఇంట్లో ఉద్యోగం పోయిందో, ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారో ఎవరికీ తెలియదు. అదే మాటను విడిగా ఫోన్‌చేసి 'సార్, ఈ నెల కాస్త చూడండి' అంటే డబ్బులూ వస్తాయి, ముఖమూ నిలుస్తుంది. మరణవార్త కింద వరుసగా 'ఓం శాంతి'లు పడుతుండగా మధ్యలో ఎవరో పుట్టినరోజు కేకు బొమ్మ పెడతారు. రాత్రి పదకొండుకు వాయిస్ మెసేజ్. ఇవి చట్టానికి అందని తప్పులు. పెద్దవాళ్లు నెమ్మదిగా చెబితే సర్దుకునేవి.

ఇంకొకటి మాత్రం సర్దుకోనివ్వకూడదు. గేటు దగ్గర నిలబడ్డ డెలివరీ కుర్రాడినో, పాత సామాన్లు కొనేవాడినో, పనిమనిషినో సీసీ కెమెరా క్లిప్పు తీసి 'జాగ్రత్త, అనుమానంగా తిరుగుతున్నాడు' అని పెట్టడం. అతనికి ఆ గ్రూపు ఉందనే తెలియదు. తన తరఫున ఒక్క మాట చెప్పుకునే వీలు లేదు. నిమిషాల్లో ఆ ముఖం పక్క కాలనీకి, అక్కణ్ణుంచి పక్క ఊరికి పోతుంది.

ఇది ఎక్కడిదాకా పోగలదో 2018 వేసవి చూపించింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు వాట్సాప్‌లో రెండు తెలుగు రాష్ట్రాలనూ కమ్మేశాయి. మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. జూలై 13న హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు స్నేహితులతో బీదర్ జిల్లాకు వెళ్లాడు. వాళ్లలో ఖతార్ నుంచి వచ్చిన అతిథి దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చాడు. అది చూసినవాళ్లకు అనుమానం వచ్చింది. కారు అక్కణ్ణుంచి కదిలేసరికి వాళ్ల వీడియో ముందున్న ముర్కి గ్రామం గ్రూపుకు చేరిపోయింది. గ్రామస్థులు దారికి అడ్డం కట్టి కారును ఆపారు. ఇంజినీరు ప్రాణాలు పోయాయి. ఆ వీడియో పంపినవారు తాము పిల్లల్ని కాపాడుతున్నామనే అనుకుని ఉంటారు. మర్యాద లోపం ఎప్పుడూ దురుద్దేశం రూపంలోనే రాదనడానికి ఇంతకంటే బాధాకరమైన ఉదాహరణ ఉండదు.

అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లాలో వేరే దారి కనిపించింది. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లకు ఊళ్లు అప్పగించి, ఊరి గ్రూపుల్లో చేరి వదంతుల మీద ఓ కన్నేసి ఉంచమన్నారు. పోలీసు కళాబృందాలు డప్పు కొట్టి పాటలు పాడుతూ నాలుగు వందలకు పైగా గ్రామాల్లో ఫార్వర్డ్ మెసేజ్‌ల సంగతి చెప్పాయి. ఫోన్‌లో వచ్చిన అబద్ధాన్ని రచ్చబండ దగ్గర, ముఖాముఖి, పాటతో ఎదుర్కోవడం ఎంతో ఆలోచనతో చేసిన పని. సాంకేతిక మార్పులూ అప్పుడే వచ్చాయి. 2018 జూలైలో వాట్సాప్ 'ఫార్వర్డెడ్' అన్న గుర్తును తెచ్చి, భారత్‌లో ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2019 జనవరిలో ఆ పరిమితి ప్రపంచమంతటికీ వచ్చింది. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ను ఒకేసారి ఒక్క చాట్‌కే పంపగలిగేలా 2020 ఏప్రిల్‌లో ఇంకా బిగించారు.

గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్ జైలుకు పోవాలా అన్న భయం కాలనీల్లో బాగా ఉంది. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఒకే మాట చెప్పాయి: సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను కేవలం అడ్మిన్ అయినందుకే నేరస్థుడిగా చూడలేం. చట్టం వదిలినా పెద్దరికం వదలదు. తీసేయగలిగే అధికారం చేతిలో ఉన్నవాడు ఊరుకుంటే మిగతావాళ్లు దాన్ని ఒప్పుకోలుగానే తీసుకుంటారు.

ఫిర్యాదు చేసే తీరు

కంటోన్మెంటులో రోడ్లు మూసివేయడం మీద సికింద్రాబాద్ ఈశాన్య కాలనీల వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. సోషల్ మీడియా అందులో ఒక సాధనం. 2018 మేలో రక్షణమంత్రి నిర్మలా సీతారామన్ హయాంలో దేశంలోని కంటోన్మెంట్ల రోడ్లు తెరవాలన్న నిర్ణయం వచ్చింది. కంటోన్మెంట్ బోర్డులకు ఫిర్యాదులు ఇచ్చేందుకు 2021 ఫిబ్రవరిలో 'ఈ-ఛావనీ' పోర్టల్ మొదలైంది. ఫిర్యాదు పోస్టులో చోటు, తేదీ, సమస్య కనిపించే ఫొటో ఉంటే పని జరుగుతుంది. చెత్త ఎత్తని సిబ్బంది ముఖం ఉండనక్కర్లేదు. వాళ్ల జీతం ఎప్పుడొచ్చిందో మనకు తెలియదు.

వ్యాఖ్యల్లో సంబోధన గురించి కూడా ఒక మాట. వీధిలో ఎదురైతే 'ఏమండీ' అనే మనిషే పోస్టు కింద 'నువ్వెవడ్రా' అంటున్నాడు. వయసు, వరుస తెలియని చోట 'మీరు', 'గారు' వాడడం మన పెద్దలు నేర్పిన పద్ధతే. తెర మీద అది ఇంకా అవసరం, ఎందుకంటే గొంతులోని మెత్తదనం అక్షరాల్లో వినపడదు.

వృత్తిలో ఉన్నవారు

ఐఏఎస్, ఐపీఎస్ అధికారులకు 1968 నాటి అఖిల భారత సర్వీసుల నడవడి నియమాలున్నాయి. అవి రాసిన కాలానికి ఇలాంటి వేదికలు లేవు. ఆ ఖాళీ 2024 జూలైలో తెలంగాణలో పెద్ద చర్చయింది. అప్పుడు రాష్ట్ర ఆర్థిక సంఘం సభ్య కార్యదర్శిగా ఉన్న స్మితా సబర్వాల్ అఖిల భారత సర్వీసుల్లో దివ్యాంగుల కోటా అవసరాన్ని ప్రశ్నిస్తూ, దివ్యాంగుడైన పైలట్‌నో సర్జన్‌నో నమ్ముతామా అన్న అర్థంలో ఎక్స్‌లో రాశారు. తాను దివ్యాంగురాలై ఉండి సివిల్స్ అభ్యర్థులకు హైదరాబాద్‌లో శిక్షణ ఇస్తున్న బాలలత తీవ్రంగా ఖండించారు. విధానం మీద ప్రశ్న అడగడం తప్పు కాదు. అధికారంలో ఉన్నవారి వాక్యం మాత్రం వ్యక్తిగత ఖాతాలోంచి వచ్చినా కార్యాలయం గొంతుతోనే వినిపిస్తుంది. తన దరఖాస్తు రేపు ఆ బల్ల మీదికే రావాల్సిన దివ్యాంగ యువతి ఆ వాక్యాన్ని ఎలా చదువుకుంటుందన్నదే గీటురాయి కావాలి.

వైద్యుల కోసం జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న ఇచ్చిన నిబంధనల్లో సోషల్ మీడియాకు విడిగా మార్గదర్శకాలు చేర్చింది. రోగి వివరాలు, ఫొటోలు, స్కాన్లు బయట పెట్టకూడదని, రోగులతో పొగడ్తల వీడియోలు చేయించుకోకూడదని, లైకులూ ఫాలోయర్లూ కొనకూడదని అందులో ఉంది. ఇతర అంశాల మీద అభ్యంతరాలు రావడంతో అదే నెల 23న మొత్తం నిబంధనలను నిలిపివేశారు. కాగితం ఆగినంత మాత్రాన రోగి గుట్టు కాపాడాల్సిన ధర్మం ఆగదు.

ఇన్‌ఫ్లుయెన్సర్లు ఇప్పుడు ఒక వృత్తివర్గం. డబ్బు తీసుకుని చెప్పేదాన్ని ప్రకటన అని స్పష్టంగా చూపాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనూ, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోనూ చెప్పాయి. తెలుగునాట చాలామంది దాన్ని పట్టించుకోలేదు. ఫలితం 2025 మార్చిలో కనిపించింది. బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసినందుకు పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు యూట్యూబర్ల మీద, సినీ తారల మీద కేసులు పెట్టారు. అప్పటి ఆర్టీసీ ఎండీ వి.సి. సజ్జనార్ ఈ యాప్‌ల మీద ఎక్స్‌లో ఎడతెగక రాశారు. అప్పుల్లో మునిగిన కుటుంబాల గోడు ఈ కేసుల వెనక ఉంది.

చిత్రీకరించే మర్యాద మరో సంగతి. 2024 జనవరిలో మాదాపూర్‌లో రోడ్డు పక్క భోజనం అమ్మే కుమారి ఆంటీ దగ్గర యూట్యూబర్లు, వాళ్లను చూసి వచ్చిన జనం పోటెత్తారు. ట్రాఫిక్ ఆగిందని పోలీసులు బండి తీయించారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి జోక్యం చేసుకుని ఆమెను అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. గుంపును తెచ్చినవి కెమెరాలు, బండి పోయింది మాత్రం ఆమెది. ఒకరి బతుకుదెరువు ముందు కెమెరా పెట్టేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

పసివాళ్లు, బాధితులు

2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. దేశం కదిలిపోయింది. ఆ కదలికలోనే ఆమె అసలు పేరు, ఫొటో లక్షల పోస్టుల్లోకి ఎక్కాయి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం చట్టం ప్రకారం నేరం. పోలీసులు ఆమెను 'దిశ' అని పిలవాలని కోరేసరికే ఆలస్యమైంది. సానుభూతి కూడా మర్యాద తప్పగలదు.

2024 జూలైలో ప్రణీత్ హనుమంతు అనే యూట్యూబర్, మరికొందరు కలిసి ఒక తండ్రీకూతుళ్ల వీడియోను పెట్టుకుని అసభ్యంగా మాట్లాడారు. నటుడు సాయి దుర్గ తేజ్ ప్రభుత్వాల దృష్టికి తెచ్చాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, అతణ్ణి బెంగళూరులో అరెస్టు చేశారు. 'రోస్టింగ్' పేరుతో అలవాటైన వెకిలితనం పసిబిడ్డ దాకా వచ్చేవరకు మనం నవ్వుతూనే ఉన్నాం. 2023 నవంబరులో వచ్చిన రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో కేసులో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు జిల్లా యువకుణ్ణి. అభిమాన పేజీకి ఫాలోయర్లను పెంచుకోవడానికే ఆ పని చేశాడని వాళ్లు చెప్పారు.

చట్టం ఎంతవరకు

మర్యాద లేదన్న సాకుతో నోరు నొక్కడం కూడా ఇక్కడ జరిగింది. ఒక శాసనసభ్యుడి మీద ఫేస్‌బుక్‌లో రాసినందుకు పౌరహక్కుల కార్యకర్త జయ వింధ్యాలను 2013 మేలో చీరాల పోలీసులు ఐటీ చట్టం 66ఏ కింద అరెస్టు చేశారు. ఆ సంగతి సుప్రీంకోర్టుకు చేరింది. సీనియర్ అధికారి అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు చేయవద్దని కోర్టు అదే నెలలో చెప్పింది. చివరకు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో 66ఏ సెక్షన్‌నే కొట్టేసింది. చిరాకు తెప్పించే మాట, ఇబ్బంది పెట్టే మాట నేరాలు కావన్నది ఆ తీర్పు సారం. పాలకుణ్ణి ఘాటుగా విమర్శించడం మర్యాద తప్పడం కాదు. అతనికి జవాబిచ్చే వేదికలు బోలెడు. గ్రూపులో లేని పనిమనిషిని దొంగ అనడం మర్యాద తప్పడం. ఈ తేడా తెలియనప్పుడే పోలీసు కేసులు పౌర సంస్కారం స్థానాన్ని ఆక్రమిస్తాయి.

దిద్దుబాటు

తప్పు పోస్టు పెట్టినవారు చేయాల్సింది స్పష్టమే. వాట్సాప్‌లో పంపినదాన్ని ఎవరికీ కనిపించకుండా తొలగించే గడువు 2022 ఆగస్టులో రెండు రోజులు దాటేలా పెరిగింది. అయితే అప్పటికే ముందుకు పంపినవి, స్క్రీన్‌షాట్లు చెరిగిపోవు. అందుకని తీసేసి ఊరుకోకుండా, అదే గ్రూపులో, అదే పేరుతో 'నేను పెట్టింది నిజం కాదు' అని రాయాలి. ఎవరి ముఖం పెట్టారో ఆ మనిషిని వెతికి చెప్పాలి. ఎవరైనా పరువుకు, డబ్బుకు నష్టపోతే స్క్రీన్‌షాట్, లింకు, తేదీ, ఖాతా పేరు దాచుకుని జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఆర్థిక మోసాలకు 1930 నంబరు ఉంది. ఆకతాయిల వేధింపులకు గురయ్యే మహిళలు 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్‌కు వాట్సాప్‌లో కూడా చెప్పుకోవచ్చు. కార్ఖానావాసులు తమ పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు.